ఆయన సెలవు మీద వచ్చేలోపు: ఒక కేస్ స్టడీ

నేను సైకోథెరపిస్టుని. కరీంనగర్, జగిత్యాల ప్రాంతంలో పనిచేస్తున్నాను. వారంలో నాలుగు రోజులు క్లినిక్‌లో ఉంటాను. మిగతా రోజుల్లో ఆడవాళ్ల మీద, ఆడపిల్లల మీద జరిగే హింస ఆగాలని మహిళా సంఘాల మీటింగుల్లో, ఆశా కార్యకర్తల శిక్షణల్లో, పోలీసుల దగ్గర మాట్లాడుతుంటాను. ఈ రెండూ వేరు వేరు పనులని చాలాకాలం అనుకున్నాను. ఈ కేసు తర్వాత అలా అనుకోవడం మానేశాను.

ఇది భర్త చేతిలో హింస పడిన ఒక బీడీ కార్మికురాలి కథ. రాయడానికి ఆమె ఒప్పుకుంది. ఊరు, వయసులు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. రాయడం అయ్యాక ఆమెకు చదివి వినిపించాను. ఒకచోట "భయంతో రెండేళ్లు ఎవరికీ చెప్పుకోలేకపోయింది" అని రాశాను. అక్కడ నన్ను ఆపింది. "భయపడి కాదు మేడం. పెద్దదాని పరీక్షలు కానీ, మా అమ్మ కాలు ఆపరేషన్ కానీ అని ఆగిన. ఆలోచన చేసే ఆగిన" అంది. ఆ వాక్యం కొట్టేశాను. ఇలాంటి కేసు ఎక్కడ చెప్పినా ముందు వచ్చే ప్రశ్న "ఇన్నాళ్లు ఎందుకు భరించింది?" అనే. ఆమె జవాబు ఆమె మాటల్లోనే ఉంది.

తలనొప్పి

ముప్పై ఒక్క ఏళ్లు. తొమ్మిదేళ్లది, ఐదేళ్లది ఇద్దరు ఆడపిల్లలు. బీడీలు చుడుతుంది. భర్త దుబాయిలో పని చేస్తాడు, రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద వస్తాడు. ఆమె, పిల్లలు, అత్త ఒకే ఇంట్లో ఉంటారు. ఏడాదిగా తలనొప్పి, గుండె దడ, నిద్ర పట్టకపోవడం. ఊళ్లో ఆర్ఎంపీ సూదులు వేశాడు. పట్నంలో స్కానింగ్, రక్త పరీక్షలు చేయించారు. అన్నీ నార్మల్. "ఏం రోగం లేదంటరు, పానం మాత్రం మంచిగుంటలేదు" అని ఆశా కార్యకర్త దగ్గర ఏడిస్తే ఆమె నా దగ్గరికి తీసుకొచ్చింది.

మొదటి రెండు సెషన్లలో మాటలు చాలా తక్కువ. ఒళ్లో చేతులు పెట్టుకుని కొంగు అంచుని బొటనవేలు, చూపుడువేలు మధ్య చుడుతూ ఉంది. విప్పడం, మళ్లీ చుట్టడం. తునికాకు చుట్టే చేతులు ఎలా కదులుతాయో ఈ ప్రాంతంలో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. మూడోసారి వచ్చేటప్పుడు బీడీలు చుట్టే చాట తెచ్చుకోమన్నాను. నిజంగానా అన్నట్లు చూసింది.

తెచ్చింది. తడిగుడ్డలో చుట్టిన ఆకు, కత్తెర, దారం, తంబాకు. కింద కూర్చుంది. నేనూ కుర్చీ వదిలి ఎదురుగా కింద కూర్చున్నాను. ఆకు కత్తిరించడం, తంబాకు పరచడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం. పది బీడీలు అయ్యేసరికి ఆమె భుజాలు దిగాయి, ఊపిరి నెమ్మదించింది. అప్పుడు అడిగాను. "కొట్టాడా?" అని అడగలేదు. అలా అడిగితే మా దగ్గర చాలామంది లేదనే అంటారు, ఎందుకంటే రెండు దెబ్బలు వేయడం కొట్టడం కింద లెక్కకు రాదు. "ఎప్పుడైనా గొంతు మీద చెయ్యి వేశాడా?" అని అడిగాను.

చేతులు ఆగలేదు. తల ఎత్తలేదు. "పోయినసారి వచ్చినప్పుడు గొంతు పిసికిండు. కండ్లు చీకట్లు కమ్మినయ్. వారం దాక గొంతు లేవలే. సర్ది అయిందని చెప్పిన అందరికి."

ఈ ఒక్క ప్రశ్న నేర్చుకోమని ఆశా కార్యకర్తల్ని, నర్సుల్ని, పోలీసుల్ని అడుగుతూనే ఉంటాను. గొంతు నులిమితే చాలాసార్లు గొంతు మీద ఒక్క గుర్తు కూడా కనిపించదు. గొంతు బొంగురు పోవడం, మింగలేకపోవడం, కళ్లలో ఎర్రటి చుక్కలు, అంతే. కొన్ని సెకన్లలో స్పృహ పోతుంది. గొంతు నులిమిన మనిషి చేతిలో ఆ తర్వాత ప్రాణం పోయే ప్రమాదం చాలా ఎక్కువని పరిశోధనల్లో పదే పదే తేలింది. చెంపదెబ్బకూ దీనికీ పోలిక లేదు. ఆమె తలనొప్పి కథ నాకు ఆ రోజు పూర్తిగా మారిపోయింది.

"ఆయన ఊర్ల లేడు గద, ఎవరి బయం అంటరు" అందొకసారి. దుబాయి నుంచి రోజుకు నాలుగైదు వీడియో కాల్స్. ఎత్తగానే కెమెరా చుట్టూ తిప్పి చూపించాలి. రాత్రి ఫోన్ కిటికీలో పెట్టి కాల్ కట్ చేయకుండా పడుకోవాలి. పంపే డబ్బు అత్త ఖాతాలోకి వెళ్తుంది. బీడీల కూలికి కూడా పైసా పైసా లెక్క చెప్పాలి. 2005 నాటి గృహ హింస చట్టం మాటలతో, మానసికంగా, డబ్బు విషయంలో పెట్టే బాధలను కూడా హింసగానే చూస్తుంది. భర్త ఏ దేశంలో ఉన్నా, ఆమె ఉండే చోటే కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ రెండు సంగతులూ ఆమెకు ఎవరూ చెప్పలేదు.

డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 19 వచ్చింది. ట్రామా (మనసుకు తగిలిన పెద్ద గాయం) లక్షణాలకు వాడే పీసీఎల్-5లో 80కి 52. ఆ ప్రశ్నావళిలో 31 నుంచి 33 దాటితే పీటీఎస్‌డీ (ట్రామా తర్వాత వచ్చే మానసిక రుగ్మత) ఉందేమో చూడాలి. చచ్చిపోవాలనిపించిందా అని సూటిగా అడిగాను. "అనిపించింది, పిల్లల్ని చూసి ఊకున్న" అంది. ఎలా, ఎప్పుడు అని ప్లాన్ ఏదీ లేదు. రాత్రిపూట అలా అనిపిస్తే చేయడానికి 14416 టెలి మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు ఆమెతో కంఠస్థం చేయించాను, ఫోన్‌లో సేవ్ చేయవద్దన్నాను.

చిన్నదాని ఆట గురించి తల్లే చెప్పింది. పాత పలక ముక్కని ముఖం ముందు పెట్టుకుని బొమ్మని అడుగుతుందట: "యాడున్నవ్? కెమెరా తిప్పు. ఇంకెవరున్నరు?" పెద్దది మళ్లీ పక్క తడుపుతోంది. ఇవి చెప్తున్నప్పుడు మాత్రం ఆమె చేతులు ఆగిపోయాయి.

ఆయన సెలవుకి అప్పటికి పదమూడు వారాలు ఉంది. చికిత్స మొత్తం ఆ తారీఖు చుట్టూ వేసుకున్నాను.

కౌన్సెలింగ్ అనే మాట

"ఇంతకుముందు కౌన్సెలింగ్ అయిందా?" అంటే "మూడుసార్లయింది" అంది. నేను పొరబడ్డాను. ఎవరో థెరపిస్టుని కలిసిందనుకున్నాను. ఆమె చెప్పింది పోలీస్ స్టేషన్ గురించి. పోయిన సెలవులో కొట్టినప్పుడు పుట్టింటివాళ్లు తీసుకెళ్లారు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టారు. ఎందుకు కొట్టావని ఆయన్ని అడిగారు, చెప్పినవన్నీ విన్నారు. ఫోన్ ఎత్తదు, ఎదురు మాట్లాడుతుంది, అత్తని చూడదు. తర్వాత ఆమె వైపు తిరిగి "నువ్వు కూడా కొంచెం సర్దుకుపోవాలమ్మా" అన్నారు. ఇకపై కొట్టనని కాగితం మీద రాయించి సంతకం తీసుకున్నారు. గొంతు మీద చెయ్యి పడింది ఆ రాత్రే.

మన దగ్గర కౌన్సెలింగ్ అంటే రాజీ అని స్థిరపడిపోయింది. ఈ మాట మీద నేను కోపంగానే రాస్తున్నాను. 2006లో గృహ హింస చట్టం కింద వచ్చిన నియమాల్లో 14వ నియమం కౌన్సెలర్ ఏం చేయాలో చెబుతుంది. చేసిన హింసకు కారణాలు చెప్పి సమర్థించుకోవడం కౌన్సెలింగ్‌లో భాగం కాదని మొదలుపెట్టక ముందే అవతలి వ్యక్తికి తెలియజేయాలి. రాజీ ప్రయత్నం బాధితురాలు కోరుకుంటేనే. అంటే ఆ స్టేషన్లో ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్నే అడగకూడని ప్రశ్న. భయం ఉన్న ఇంట్లో భార్యాభర్తల్ని కలిపి కూర్చోబెడితే ఆమె నిజం చెప్పదు. చెప్తే ఇంటికెళ్లాక దానికి వేరే లెక్క ఉంటుంది. థెరపీలో ఇది ప్రాథమిక పాఠం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 37 శాతం భర్త హింసను అనుభవించామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 30 శాతం. అదే సర్వేలో భర్త కొట్టడానికి ఏడు కారణాలు చదివి వినిపించి, ఏదో ఒకదానికైనా కొట్టడం సరైనదేనా అని అడిగితే రెండు రాష్ట్రాల్లోనూ నూటికి దాదాపు 84 మంది ఆడవాళ్లు సరైనదేనన్నారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం ఆ జాబితాలో ఉన్నాయి. స్టేషన్లో ఆయన చదివిన జాబితా కూడా దాదాపు ఇదే.

నా పొరపాటు

ఐదో సెషన్‌కి అత్త వెంట వచ్చింది. చేతిలో ఫోన్. "కొడుకు ఒక్కమాట మాట్లాడుతడట." నేను ఆమె వైపు చూశాను, ఆమె తల ఊపింది. అత్త పక్కనుండగా ఊపిన తల ఒప్పుకోలు కాదని నేను గ్రహించి ఉండాల్సింది. ఫోన్ తీసుకున్నాను. అటువైపు గొంతు మర్యాదగా, ఆదుర్దాగా ఉంది. "మా ఆవిడకి ఏమైంది మేడం?" "కంగారేం లేదు, మనసు మీద ఒత్తిడి ఎక్కువైంది, తగ్గుతుంది" అన్నాను. నిమిషం కూడా మాట్లాడలేదు.

ఆ రాత్రి నుంచి ఆమె పేరు "పిచ్చిది" అయింది. డాక్టరే చెప్పిందని చుట్టాలందరికీ ఫోన్లు వెళ్లాయి. పిల్లల్ని పిచ్చిదాని దగ్గర ఉంచనని, తను వచ్చాక వాళ్లని అక్క ఇంట్లో పెడతానని అన్నాడు. ఆమె మూడు వారాలు రాలేదు. పదమూడు వారాల్లో మూడు.

ఆశా కార్యకర్త ద్వారా ఒక్క మాట పంపాను: తప్పు నాది, ఎప్పుడొచ్చినా తలుపు తెరిచే ఉంటుంది. వచ్చినప్పుడు మొదటి పది నిమిషాలు ఆమె మాట్లాడింది, నేను విన్నాను. ఆ తర్వాత క్లినిక్‌లో పద్ధతి మార్చాను. కుటుంబంలో ఎవరితోనూ ఫోన్‌లో మాట్లాడను. ఒప్పుకోలు ఒంటరిగా ఉన్నప్పుడే అడుగుతాను, ప్రతిసారీ అడుగుతాను. చీటీ మీద "తలనొప్పి" తప్ప ఇంకేదీ రాయను. అపాయింట్‌మెంట్లు ఆయన డ్యూటీ వేళల్ని బట్టి ఇస్తాను. దుబాయి టైం మనకంటే గంటన్నర వెనక, కాబట్టి మన పది గంటలకు ఆయన పనిలో ఉంటాడు.

సంచి, ఆర్డరు

మిగిలిన వారాల్లో ట్రామా జ్ఞాపకాల్లోకి ఆమెను తీసుకెళ్లలేదు. ప్రమాదం ఇంకా ఎదురుగా ఉన్నప్పుడు పాత గాయాన్ని తెరవకూడదు. ముందు ఒంటికి స్థిమితం రావాలి. దానికి ఆమె చాటే మంచి సాధనమైంది. గుండె దడ మొదలైనప్పుడు ఒక ఆకు చేతిలోకి తీసుకుని దాని ఈనెలు వేలితో తడమడం, వాసన చూడటం, పది లెక్కపెట్టడం. ఇంగ్లిష్ పుస్తకాల్లో గ్రౌండింగ్ అని చెప్పేది ఇదే. నేను నేర్పింది తక్కువ, ఆమె చేతులకు ముందే తెలుసు. "నాదే తప్పు" అనే మాట మీద మాత్రం చాలా సేపు పనిచేశాం. ఆయన్ని పైఅధికారి తిట్టినప్పుడు ఆ అధికారి గొంతు పిసుకుతాడా అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. "ఆడ చెయ్యి లేవదు మేడం. ఇంట్లనే లేస్తది." కోపం అదుపు తప్పడం గురించి ఆ తర్వాత ఆమె మళ్లీ మాట్లాడలేదు.

ఒక గుడ్డ సంచి తయారైంది. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పాస్‌బుక్, పీఎఫ్ కాగితాలు, రెండు జతల బట్టలు, కొంత డబ్బు. దాన్ని సంఘం లీడర్ ఇంట్లో బియ్యం డబ్బా వెనక పెట్టారు. పక్కింటావిడతో ఒక గుర్తు: చిన్నది "పెద్దమ్మా, చింతపండు ఉందా?" అని వస్తే వెంటనే 112కి ఫోన్ చేయాలి.

ఎనిమిదో వారంలో సఖి కేంద్రానికి తనే వెళ్లింది, నేను తోడు వెళ్లాను. ఆడవాళ్లకు వైద్యం, పోలీసు, న్యాయ సహాయం ఒకేచోట దొరకాలని 2015 నుంచి ఈ కేంద్రాలు పెడుతున్నారు. 181కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. ప్రొటెక్షన్ ఆఫీసర్ (గృహ హింస చట్టం కింద ఉండే రక్షణ అధికారి) గృహ హింస నివేదిక రాసుకున్నారు. న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇచ్చింది. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు ఈ సహాయం హక్కు. అత్త కూడా ప్రతివాది అయింది. అత్తను చేర్చడానికి మొదట ఆమె ఒప్పుకోలేదు. "ముసల్దాన్ని కోర్టుకెక్కిస్తనా" అని రెండు రోజులు బాధపడింది. డబ్బంతా అత్త ఖాతాలోనే ఉందని లాయర్ వివరించాక ఒప్పుకుంది.

ఆయన విమానం దిగడానికి తొమ్మిది రోజుల ముందు మేజిస్ట్రేట్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. ఆమెను హింసించకూడదు, ఇంట్లోంచి పంపకూడదు, ఆమె, పిల్లలు ఉండే ముందుగదిలోకి ఆయన రాకూడదు. ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా. కాపీ స్టేషన్‌కి చేరింది. ఆమె ఆ కాగితాన్ని మడతపెట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి, చాటలో ఆకుల కింద దాచుకుంది.

సెలవు

వచ్చిన రెండో రోజే పెద్దమనుషుల్ని పిలిపించాడు. ఇదివరకైతే ఆమె ఒక్కతే నిలబడేది. ఈసారి గ్రామ సమాఖ్య నుంచి పదకొండు మంది ఆడవాళ్లు వచ్చి నేల మీద కూర్చున్నారు. వాళ్లు ఏమీ అనలేదట. పెద్దాయన ఒకరు "తాగడు, తిరగడు, ఇంత మంచోని మీద కేసా?" అన్నాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురు తిరిగిన ఆడవాళ్ల గురించి నేను మీటింగుల్లో గర్వంగా చెబుతాను. మరుసటి ఏడాదే ప్రభుత్వం సారా నిషేధించింది. కానీ తాగుడు ఆగితే కొట్టుడు ఆగుతుందనే నమ్మకం కూడా అక్కడి నుంచే బలపడింది. ఈయన చుక్క ముట్టడు. గొంతు పిసికినప్పుడు కూడా పూర్తి తెలివితో ఉన్నాడు.

పంతొమ్మిదో రాత్రి ముందుగది తలుపు బాదాడు. ఆమె తలుపు తీయలేదు. చిన్నది వెనక కిటికీలోంచి చింతపండు అడిగింది. పోలీసులు వచ్చారు, ఉత్తర్వు చూశారు. ఈసారి ఎవరూ ఎందుకు కొట్టావని అడగలేదు, ఆమెను సర్దుకుపొమ్మనలేదు. కేసు రాసుకున్నారు. మిగతా సెలవు ఆయన అక్క ఇంట్లో గడిపాడు.

ఆ రాత్రి గురించి ఆమె నాకు చెప్పినప్పుడు ఏడ్చింది, అది గెలిచానన్న ఏడుపు కాదు. "ఆయన తలుపు కొడుతుంటే నా పిల్ల చింతపండు చింతపండు అనుకుంట ఉరికింది. ఐదేండ్లది మేడం." దాన్ని ఓదార్చే మాట నా దగ్గర లేదు. ప్లాన్‌లో పిల్లను పెట్టింది మేమే. ఇప్పుడు ఏ ప్లాన్‌లోనూ పిల్లల చేతికి పని పెట్టను. గుర్తు తల్లి గాజుల చప్పుడో, కిటికీకి కట్టిన గుడ్డో అవుతుంది.

ఇప్పుడు

ఆయన వెళ్లిన తర్వాతే జ్ఞాపకాల మీద పని మొదలుపెట్టాం. మరో పన్నెండు సెషన్లు. పీహెచ్‌క్యూ-9 8కి, పీసీఎల్-5 27కి వచ్చాయి. తలనొప్పి నెలకు ఒకటి రెండు సార్లకు తగ్గింది. రాత్రి ఫోన్ ఆపేసి పడుకుంటోంది. పెద్దది పక్క తడపడం మానింది. చిన్నదానికి ఇంకా ఎవరైనా తలుపు గట్టిగా తడితే ఒళ్లు బిగుసుకుపోతుంది, తనకు ఆటలతో విడిగా థెరపీ నడుస్తోంది.

కోర్టు నెలవారీ ఖర్చులు ఇవ్వమంది. రెండు నెలలు వచ్చాయి, ఆగిపోయాయి. లాయర్ మళ్లీ దరఖాస్తు వేశారు. విడాకుల సంగతి ఎత్తితే ఆమె ఒప్పుకోదు. "నేను మనిషిని వద్దనలే. కొట్టుడు వద్దన్న" అంటుంది. మా ఉద్యమంలో కొందరికి ఇది నచ్చలేదు. నాకు నచ్చడం నచ్చకపోవడంతో పనిలేదు. ఆమె జీవితం గురించి ఆలోచన చేసేది ఆమె.

నవంబర్ 25 నుంచి డిసెంబర్ 10 దాకా ప్రపంచమంతా జరిగే పదహారు రోజుల కార్యక్రమాల్లో గత ఏడాది మేం ర్యాలీ తీయలేదు. మండలంలో ఆశా కార్యకర్తలందరికీ గొంతు ప్రశ్న నేర్పాం. రెండు పోలీస్ స్టేషన్లలో కూర్చుని 14వ నియమం తెలుగులో చదివి వినిపించాం. ఒక ఎస్ఐ తన టేబుల్ అద్దం కింద ఆ కాగితం పెట్టుకున్నారు. ఇంకో చోట టీ ఇచ్చి పంపించేశారు, అక్కడికి ఈ ఏడాది మళ్లీ వెళ్తాం. ఒక శిక్షణలో ఈమె కూడా చివరి వరుసలో కూర్చుంది. అంతా అయ్యాక ఒక ఆశా కార్యకర్త "అట్ల గొంతు మీద చెయ్యి వేసిండా అని అడిగితే ఆడోళ్లు ఏమనుకుంటరో" అని సందేహపడింది. ఈమె లేచి చెప్పింది: "ఏమనుకోరు. అడుగుతరేమో అని చూస్తుంటరు."

వచ్చే సెలవు ఎప్పుడో ఆయన ఇంకా చెప్పలేదు. సంచి సంఘం లీడర్ ఇంట్లో, బియ్యం డబ్బా వెనకే ఉంది.